బట్టమేక పోయింది, జింక మిగిలింది

పాములపాడు మండలం అనగానే ఇప్పుడు అందరికీ బనకచర్ల, నీళ్ల గొడవే గుర్తొస్తాయి. నేను మాత్రం ఈరోజు ఆ చుట్టుపక్కల కనిపించకుండా పోయిన ఒక పిట్ట కథ చెప్తాను. దాని పేరు బట్టమేక.

మీటరు ఎత్తు, మగదైతే 15 కిలోల దాకా బరువు. ఇంత బరువుండి ఎగిరే పక్షులు ప్రపంచంలోనే చాలా తక్కువ. దీన్నే జాతీయ పక్షి చేయాలని సలీం అలీ గట్టిగా అడిగారు. 1963లో ఆ పేరు నెమలికి దక్కింది.

పాములపాడుకు దగ్గర్లోనే మిడుతూరు మండలంలో రోళ్లపాడు ఉంది. అక్కడి గడ్డి నేలల్లో 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఏళ్ల తరబడి ఈ పక్షిని గమనించారు. 1988లో 614 హెక్టార్లు, అంటే 1500 ఎకరాల పైన, అభయారణ్యం అయింది. కాపలా కూడా వచ్చింది.

అదే గడ్డిలో కృష్ణజింకలు కూడా ఉండేవి. అవి వందల్లోకి పెరిగాయి. బట్టమేకలు మాత్రం తగ్గుతూ పోయాయి. ఒకే నేల, ఒకే కాపలా. మరి ఎందుకిట్లా?

ఆడజింక ఏడాదికి రెండుసార్లు కూడా ఈనగలదు. బట్టమేక మామూలుగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ ఉత్త నేల మీద. ఏ కుక్కో తినేసిందంటే ఆ గుడ్డు పోయినట్టే.

తిండి సంగతీ అంతే. జింకకు గడ్డి చాలు, చాలకపోతే చేలో పడి మేస్తుంది. రైతులు తిట్టుకునేది అందుకే, వాళ్ల నష్టం చిన్నది కాదు. బట్టమేకకు మిడతలు, పురుగులు, గింజలు కావాలి. దానికి ఆ 1500 ఎకరాలు ఏ మూలకూ రావు. చుట్టూ ఉన్న బీళ్లు, జొన్న చేలు, కొర్ర చేలు కూడా దానికి కావాలి. వాటికి కంచె లేదు కదా! కాలువ నీళ్లొచ్చాయి, బీళ్లు సాగులోకొచ్చాయి, పత్తి, పొగాకు, పురుగుమందులు వచ్చాయి. రైతును తప్పుపట్టను. ఆ నీళ్ల కోసం సీమ ఎంత ఎదురుచూసిందో మనకు తెలుసు. కానీ అభయారణ్యం గీత గీసినప్పుడు, పక్షి ఆ గీత దాటి కూడా బతుకుతుందని లెక్క వేసుకోలేదని నాకనిపిస్తుంది.

ఇప్పుడు దేశం మొత్తంలో అడవిలో మిగిలినవి 150 దాటవని అంచనా. దాదాపు అన్నీ రాజస్థాన్‌లో, జైసల్మేర్ వైపే. అక్కడ కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయి. పక్కలకు బాగా కనిపించే కళ్లు, ఎదురుగా ఉన్న తీగను పసిగట్టలేవు. 2024 అక్టోబరులో అక్కడే కృత్రిమ గర్భధారణతో మొదటి పిల్ల పుట్టింది.

మీది నందికొట్కూరు, పాములపాడు వైపైతే ఇంట్లో తాతనో అవ్వనో అడగండి. బట్టమేకను చూసినోళ్లు ఇంకా ఉంటారు. ఏ చేలో చూశారో, అప్పుడు అందులో ఏ పంట ఉందో కూడా అడగండి.