కాలిబాటకి అడ్డంగా కారు: వందేళ్ళ నాటి ఒప్పందం

అమెరికా సబర్బుల్లో ఉండే మనవాళ్ళని కదిపితే పక్కింటివాళ్ళ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి తప్పకుండా ఉంటుంది. డ్రైవ్‌వేలో పెట్టిన కారు వెనక భాగం సైడ్‌వాక్ మీదకి చాచుకుని ఉంటుంది. అడిగితే "రెండడుగులే కదా, పక్కనుంచి వెళ్ళొచ్చుగా" అంటారు. నిజమే, చూడ్డానికి చాలా చిన్న విషయం. కానీ ఆ రెండడుగుల వెనక వందేళ్ళ చరిత్ర ఉంది. నేనుండేది కాలిఫోర్నియాలో. ఈ కథలో చాలా మలుపులు కూడా ఇక్కడివే.

ముందు రోడ్డు సంగతి చూద్దాం. 1900 ప్రాంతంలో అమెరికా నగరాల్లో రోడ్డంటే అందరిదీ. గుర్రబ్బళ్ళు, ట్రాములు, తోపుడు బళ్ళు, నడిచేవాళ్ళు, ఆడుకునే పిల్లలు, అందరూ అక్కడే. తర్వాత కార్లొచ్చాయి, వాటి కింద పడి జనం చచ్చిపోవడం మొదలైంది. అందులో పిల్లలు చాలామంది. జనానికి కోపం వచ్చింది... కార్ల మీద! 1923లో సిన్సినాటి నగరంలో ప్రతి కారుకీ గంటకి 25 మైళ్ళు దాటకుండా ఒక యంత్రం బిగించాలని 42,000 మందికి పైగా సంతకాలు పెట్టారు. కార్ల అమ్మకందార్లు, ఆటో క్లబ్బులు గట్టిగా ఎదురు ప్రచారం చేస్తే ఆ నవంబరు ఓటింగులో ప్రతిపాదన ఓడిపోయింది.

దాంతో ఆ వ్యాపారానికి ఒక విషయం అర్థమైంది. కారుని అదుపు చేయమనే గొడవ ఆగాలంటే, తప్పు నడిచేవాడిదని జనం నమ్మాలి. అప్పటికే వాడుకలో ఉన్న 'జేవాకర్' అనే మాటని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఆ రోజుల యాసలో 'జే' అంటే పల్లెటూరి బైతు అన్నమాట. 1925లో లాస్ ఏంజెలెస్ నగరం రోడ్డు మీద నడకని కట్టడి చేస్తూ ట్రాఫిక్ ఆర్డినెన్స్ తెచ్చింది. 1928లో దేశంలోని ఊళ్ళన్నిటికీ నమూనాగా తయారుచేసిన ఆర్డినెన్సుకి అదే ఆధారం. (చరిత్రకారుడు పీటర్ నార్టన్ 2008లో రాసిన 'ఫైటింగ్ ట్రాఫిక్' పుస్తకంలో ఈ కథంతా ఉంది. వీలైతే చదవండి.)

నా దృష్టిలో ఇదొక ఒప్పందం. ఎవరూ కాగితం మీద రాసుకోలేదు గానీ షరతులు మాత్రం స్పష్టం. నడి రోడ్డు కార్లది, అంచున ఉన్న నాలుగైదు అడుగులు మనుషులవి. నడిచేవాళ్ళు తమ వంతు పాటించారు, లేదా జరిమానాలు వేసి పాటింపజేశారు. మరి రెండోవైపు?

ఇక సబర్బులకొద్దాం. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇళ్ళ అప్పులకి బీమా ఇవ్వడం మొదలుపెట్టాక, ఇళ్ళ పేటలు ఎలా ఉండాలో కూడా అదే చాలావరకు నిర్ణయించింది. 1947లో న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ మొదలైంది. అక్కణ్ణుంచి దేశమంతా అదే దారి. పాల ప్యాకెట్టుకి కూడా కారు తియ్యాల్సిందే. పాత పేటల్లో కర్బుకీ సైడ్‌వాక్‌కీ మధ్య చెట్లున్న పచ్చిక పట్టీ ఒకటి ఉండేది. యుద్ధం తర్వాత కట్టిన చాలా సబ్‌డివిజన్లలో అది ఎగిరిపోయి, సైడ్‌వాక్ వెళ్ళి కర్బుకి అంటుకుంది. చాలాచోట్ల కర్బు కూడా నిలువుగా కాకుండా ఏటవాలుగా పోశారు. అలా చేస్తే ప్రతి ఇంటి ముందూ డ్రైవ్‌వే కోసం విడిగా కోత పెట్టక్కర్లేదు, బిల్డరుకి ఖర్చు తగ్గుతుంది. కానీ దాంతో సైడ్‌వాక్ చూడ్డానికి డ్రైవ్‌వేలో ఒక ముక్కలా తయారైంది. అసలు సంగతి తిరగేసి ఉంటుంది. సైడ్‌వాక్ అందరిదీ. దాన్ని దాటి ఇంట్లోకి వెళ్ళడానికి ఇంటాయనకి అనుమతి ఉంది, అంతే.

మరి గరాజ్ ఏమైంది? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ పరిశోధకులు 2001-2005 మధ్య అక్కడి 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్ళు పరిశీలించి 2012లో పుస్తకం వేశారు. మూడొంతుల గరాజుల్లో కార్లకి చోటు లేదట, అంతా సామానే! 32 ఇళ్ళు చిన్న శాంపులే, ఒప్పుకుంటా. కానీ మీ వీధిలో తలుపు తీసి ఉన్న గరాజులు ఓసారి లెక్కపెట్టి చూడండి. అలా కారు బయటికొచ్చింది. పైగా పెరిగింది కూడా. ఫోర్డ్ మోడల్ టీ పొడవు పదకొండు అడుగుల పైచిలుకు. ఈనాటి ఎఫ్-150 క్రూ క్యాబ్ ట్రక్కు 19 అడుగులు దాటుతుంది. డ్రైవ్‌వే 20 అడుగులనుకోండి. గరాజ్ తలుపు ముందు మనిషి తిరగడానికి రెండు మూడడుగులు వదిలితే బంపర్ ఎక్కడికొస్తుందో లెక్క మీరే వేసుకోండి.

చట్టం లేక కాదు. కాలిఫోర్నియా వెహికల్ కోడ్ 22500(ఎఫ్) ప్రకారం బండిలో ఏ కాస్త భాగం సైడ్‌వాక్ మీదకి వచ్చినా తప్పే. కానీ చాలా ఊళ్ళలో ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే టికెట్ ఇస్తారు. పక్కింటివాళ్ళ మీద ఫిర్యాదు చేసి మళ్ళీ పొద్దున్నే వాళ్ళకి హలో చెప్పడం ఎవరికిష్టం?

నష్టం ఎవరికంటే, పక్కనుంచి వెళ్ళలేనివాళ్ళకి. వీల్‌చెయిర్‌కి కనీసం మూడడుగుల దారి కావాలి. నాలుగడుగుల సైడ్‌వాక్‌లో రెండడుగులు బంపర్ తీసుకుంటే ఆ మనిషి కార్ల మధ్యలోకి దిగాలి. శాక్రమెంటో నగరం మీద వికలాంగులు సైడ్‌వాకుల గురించి దావా వేసినప్పుడు, సైడ్‌వాక్ అసలు ప్రభుత్వం అందించే సేవే కాదని నగరం వాదించింది. కింది కోర్టు ఒప్పుకుంది. 2002లో నైన్త్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. సైడ్‌వాకులు నగరం చేసే మామూలు పనుల్లో భాగమేననీ, 1990 నాటి వికలాంగుల చట్టం వాటికీ వర్తిస్తుందనీ చెప్పింది. తర్వాత రాజీలో నగరం తన రవాణా నిధిలో ఏటా 20 శాతం, 30 ఏళ్ళ దాకా ఇలాంటి పనులకి ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇలాంటి దావాలోనే 2016లో లాస్ ఏంజెలెస్ 30 ఏళ్ళలో 130 కోట్ల డాలర్లకి పైగా పెట్టడానికి సిద్ధపడింది. ఆ కేసులు పార్కింగ్ గురించి కాదు. కానీ అంత డబ్బు పోసి బాగుచేసిన బాటని ఉచితంగా మూసేయడానికి ఒక్క బంపర్ చాలు.

ఇంకోలా చేయలేమా అంటే, జపాన్ చేసింది. 1962 చట్టం ప్రకారం అక్కడ కారు రిజిస్టర్ చేయాలంటే దాన్ని పెట్టుకునే చోటు ముందు చూపించాలి (కొన్ని మినహాయింపులున్నాయి). అమెరికాలో అలాంటి చట్టం వస్తుందని నేననుకోను.

పక్కింటాయన దుర్మార్గుడని నా ఉద్దేశం కాదు. ఇంట్లో నలుగురికి నాలుగు కార్లు, ఆకాశంలో అద్దెలు, ఆయన బాధలు ఆయనవి. కానీ ఆ భారం మోస్తున్నది కారు లేనివాళ్ళు. మన ఇళ్ళలో అలాంటివాళ్ళు ఎవరో తెలుసుగా? ఆర్నెల్లకని వచ్చే అమ్మానాన్నలు. డ్రైవింగ్ రాదు, పగలంతా ఇంట్లోనే. సాయంత్రం వాకింగ్ ఒక్కటే ఇంకొకరిని అడక్కుండా చేసుకోగలిగే పని. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ ప్రతి నాలుగో ఇంటి దగ్గరా రోడ్డు మీదకి దిగి మళ్ళీ ఎక్కాలంటే రెండో వారానికి వాకింగ్ మానేస్తుంది. ఎందుకు మానేసిందో మనకి చెప్పదు కూడా.

కాబట్టి పక్కింటాయనతో ఓ మాట మర్యాదగా చెప్పండి. వినకపోతే నగరానికి ఫోన్ చేయడంలో తప్పేం లేదు. అలాగే ఈసారి ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నప్పుడు, పిలుపులతో పాటే "సైడ్‌వాక్ మీద పార్క్ చేయకండి" అని ఒక లైను కలపండి. ఏమంటారు?