ఎద్దు నడక, బావి నీరు: కనిగిరి ప్రాంతంలో ఫ్లోరోసిస్ చరిత్ర

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, కైఫీయతులు, గెజిటీర్లు గుర్తుకొస్తాయి. ఈ భాగంలో మనం చూడబోయే ఆధారం పశువుల, మనుషుల శరీరం.

కనిగిరి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాకు చెందిన తాలూకా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. అందుకే పాత వైద్య నివేదికల్లో ఈ ప్రాంత సమాచారం కోసం మీరు 'నెల్లూరు' అనే పేరు కింద వెతకాలి.

1930ల తొలి సంవత్సరాల్లో ఈ రాష్ట్రపు కొన్ని ప్రాంతాల రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారు. మెట్ట రైతుకు ఎద్దు నడకే సేద్యం. దాని అడుగు తడబడితే ముందుగా తెలిసేది అతనికే. మనుషుల్లో ఇదే జబ్బును నెల్లూరు జిల్లాలో పరిశీలించి షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ 1937లో వ్యాసం ప్రచురించారు. కారణం తాగునీటిలోని ఫ్లోరైడ్ అని తేలింది. రాతి పొరల నుంచి కరిగి బావుల్లోకి చేరే ఈ పదార్థానికి రంగు లేదు, వాసన లేదు.

రక్తపరీక్ష చేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. రక్తంలోని ఫ్లోరైడ్ ఇటీవల తాగిన నీటి సంగతే ఎక్కువగా చెబుతుంది. కొంత మూత్రంలో పోతుంది, మిగిలినది ఎముకల్లో చేరుతుంది. శరీరంలో నిలిచే ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకల్లో, దంతాల్లోనే ఉంటుంది. శాశ్వత దంతాల మీది మచ్చలు ఎనిమిదేళ్లలోపు తాగిన నీటికి గుర్తు. చరిత్ర విద్యార్థికి ఇది దాదాపు తేదీ వేసిన పత్రం లాంటిది!

మరో చిక్కు కూడా ఉంది. పరీక్ష ఫలితం మామూలుగా ఉందో లేదో చెప్పాలంటే ఆరోగ్యవంతుల విలువలతో పోల్చాలి. ఊరంతా ఒకే బావి నీరు తాగితే ఆ ఊరి సగటే జబ్బు సగటు అవుతుంది. కాబట్టి పోలిక వేరే నీరు తాగే ఊరితో జరగాలి. నేడు భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు.

అభ్యాసం: మీ ఊరి పెద్దలను అడగండి. పశువులకు ఏ బావి నీరు పెట్టేవారు, ఏది మానుకున్నారు, ఎందుకు? బావి ఉన్న చోటు, చెప్పినవారి వయసు కూడా నమోదు చేయండి.