తాళముల పనివాని కుమారుడు, ఎనిమిది రాగితీగెలు

వోల్టులను ఆంపియరులచే భాగించిన నిరోధము వచ్చును, ఆ రెంటిని హెచ్చించిన సామర్థ్యము వచ్చును అని నేడు పదవ తరగతి బాలుడు తడుముకొనక చెప్పును. కాని వోల్టును ఆంపియరును కొలుచు పరికరములే కాదు, ఆ పేర్లే పుట్టని కాలమున, వానినడుమ ఇంత సరళమైన సంబంధ మున్నదని పట్టుకొన్నవానికి ఎంతటి ఓర్పు కావలసివచ్చెనో తలచినప్పుడెల్ల నాకు ఆ మహనీయునిపై గౌరవము ఇనుమడించుచున్నది.

గేయార్గ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణమున, తాళములు చేయు పనివాని ఇంట జన్మించెను. స్వయంకృషిచే గణితము నేర్చిన ఆ తండ్రియే కుమారులకు తొలి గురువు. 1817 నుండి కొలోన్ నగరమున గణిత భౌతికములు బోధించుచు, ఓమ్ తన ప్రయోగములు సాగించెను.

అతనిని మొదట కష్టపెట్టినది తీగె కాదు, ఘటము. రసాయనిక ఘటమునుండి వచ్చు ప్రవాహము కొలుచుచుండగనే సన్నగిల్లును. గడియగడియకు అరిగిపోవు తూకపురాయితో బంగారము తూచుట ఎట్లో, దానితో తీగెలను పరీక్షించుటయు నట్లే. అంతట పొగెన్‌డార్ఫ్ అను పత్రికాసంపాదకుని సలహాపై, సీబెక్ 1821లో కనుగొన్న ఉష్ణవిద్యుత్తు నాశ్రయించి, బిస్మతు రాగి అతికిన రెండు సంధులలో ఒకదానిని మరుగునీటను, వేరొకదానిని మంచునందును ఉంచెను. నీరు మరుగుచున్నంతసేపు, మంచు కరుగుచున్నంతసేపు వాని ఉష్ణోగ్రతలు కదలవు. కనుక విద్యుత్తును త్రోయు బలమును కదలదు. ఈ యుక్తియే నా దృష్టిలో ఆ పరిశోధనకు ప్రాణము.

1826 జనవరిలో, ఒకే మందము గల 8 రాగితీగెలను, 2 అంగుళముల దానినుండి 130 అంగుళముల దానివరకు, ఒకదాని పిదప ఒకటిగా తగిలించి, ప్రవాహముచే ప్రక్కకు తొలగిన అయస్కాంతసూచిని స్వస్థానమునకు తెచ్చుటకు దానిని వ్రేలాడదీసిన తంతువును ఎంత మెలిపెట్టవలసివచ్చెనో చదివెను. ఒకనాటి కొలతలలో 2 అంగుళముల తీగెకు 326.75, 130 అంగుళములకు 48.5 వచ్చినవి. 7285ను, తీగె పొడవునకు 20.25 కలిపిన మొత్తముచే భాగించి చూడుడు: 130 అంగుళములకడ సరిగా 48.5 తేలును, 2 అంగుళములకడ 327 దాటి రవంత. పై అంకె త్రోయు బలము; తీగె పొడవు వెలుపలి నిరోధము; 20.25 పరికరములోనే దాగిన నిరోధము. నేటి సూత్రమంతయు ఆ చిన్న భాగహారమున నున్నది.

1827లో బెర్లిన్‌లో వెలువడిన అతని గ్రంథమునకు స్వదేశమున ఆదరము కొరవడగా, ఓమ్ ఉద్యోగమును వదలుకొనెను. లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతక మిచ్చిన 1841లోనే, ఇంగ్లండున జౌల్ తీగెలో పుట్టు వేడిమి ప్రవాహపు వర్గమును నిరోధముచే హెచ్చించినంత యని ప్రకటించెను. మన ఇండ్లలో 230 వోల్టులపై 5 ఆంపియరులు తీసికొను నీళ్ల హీటరును చూడుడు: నిరోధము 46 ఓములు, సామర్థ్యము 1150 వాట్లు, 5ను 5చే, ఆపై 46చే హెచ్చించినను అదియే. వోల్టేజి సగమునకు పడిపోయినచో ప్రవాహమును సగమగును గనుక, సామర్థ్యము సగము గాక పాతికవంతునకు దిగును.

చిరకాలము వేచిన విశ్వవిద్యాలయ ఆచార్యపదవి మ్యూనిక్‌లో 1852లో ఓమ్‌కు దక్కెను. రెండేండ్లకే అతడు కన్నుమూసెను. నిరోధపు ప్రమాణమునకు అతని పేరును అంతర్జాతీయముగా స్థిరపరచిన పారిస్ సభ 1881లో జరిగెను.