త్రిభుజంలో చిక్కుకున్న అయస్కాంతం

కర్ణాటక రాజధానిలోని భారతీయ విజ్ఞాన సంస్థకు 1957 నుండి 1962 వరకు సారథ్యం వహించినవారు ఒక తెలుగువారు. ఆయన నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన ఆచార్య సూరి భగవంతం గారు. రామన్ గారి శిష్యులైన ఆయన, స్ఫటికంలోని అమరిక దాని గుణాలను ఎట్లు శాసిస్తుందో గణితపరంగా నిరూపించడానికి చిరకాలం శ్రమించారు. సాధారణ స్ఫటికాల తరగతులు 32. అయస్కాంత దిశ తలక్రిందులు కావడాన్ని కూడా లెక్కించినచో ఆ సంఖ్య 122 అవుతుంది. 1966లో వెలువడిన వారి గ్రంథం ఈ అయస్కాంత సౌష్ఠవాన్ని కూడా చర్చించింది.

సౌష్ఠవమే క్రమానికి అడ్డుపడితే? ఈ ప్రశ్నను 1950లో వానియర్ అనే శాస్త్రజ్ఞుడు గణించి చూశారు. పక్కపక్కనున్న రెండు పరమాణు అయస్కాంతాలు ఎదురెదురు దిశలలో నిలువగోరుతాయనుకొందాం. త్రిభుజంలో మొదటి రెండూ కుదురుకొన్న పిమ్మట మూడవదానికి దిక్కు తోచదు. ఒకరితో ఏకీభవించినచో మరొకరితో విరోధమే. 1977లో టులూజ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఇట్టి స్థితికి ఆశాభంగమనే అర్థమిచ్చే పేరు పెట్టారు. లోహానికి ఆశలేమిటని నవ్వుకొన్నా, పేరు మాత్రం అతికింది.

సీరియం, పల్లాడియం, అల్యూమినియం కలిసిన ఒక సమ్మేళనంలో ఇది ప్రత్యక్షంగా కనబడింది. సుమారు మైనస్ 270 డిగ్రీల సెల్సియస్ వద్ద అందులోని సీరియం పరమాణువులలో మూడింట రెండు వంతులే బారులు తీరాయనీ, మిగిలిన వంతు ఎటూ తేలక నిలిచిపోయిందనీ 1996లో న్యూట్రాన్ పరిశోధనలు వెల్లడించాయి.

బరువైన ఎలక్ట్రాన్ల కథ వేరుగా మొదలైంది. 1975లో సీరియం-అల్యూమినియం సమ్మేళనంలో ఎలక్ట్రాన్లు గ్రహించే ఉష్ణం రాగిలో కన్నా వెయ్యి రెట్లకు మించి ఉన్నట్లు తేలింది. ఎలక్ట్రాన్ నిజంగా లావెక్కలేదు. పరమాణు అయస్కాంతాలతో పెనగులాడుతూ, తిరునాళ్ల జనంలో నడిచేవానివలె మందగించింది. సీరియం వంటి విరళ మృత్తికల లోపలి ఎలక్ట్రాన్లు ఇందుకు మూలమని భావించారు.

అయితే 1980ల చివర జపాన్ శాస్త్రజ్ఞులు యిట్రియం-మాంగనీస్ సమ్మేళనంలో యిట్రియానికి బదులు నూటికి మూడు పాళ్లు స్కాండియం చేర్చారు. అట్టి లోపలి ఎలక్ట్రాన్లు ఇందులో పాల్గొనవు. మాంగనీస్ పరమాణువులు మాత్రం త్రిభుజాలే ముఖాలుగా గల చతుర్ముఖులలో కూర్చున్నాయి. అయస్కాంత క్రమం మాయమైంది. ఎలక్ట్రాన్ల ఉష్ణగ్రహణం సాధారణ లోహాలలో కన్నా ఎన్నో రెట్లు పెరిగింది. క్రమం కుదరక కదలాడే అయస్కాంతాలే ఎలక్ట్రాన్లను బరువెక్కించాయన్న వాదానికి ఇక్కడ బలం చేకూరింది. అందులో జ్యామితి వాటా ఎంత అన్న విషయమై పరిశోధకుల చర్చ నేటికీ సాగుతూనే ఉన్నది.