తీర్పు దినం ఎవరి కోసం?

తగవు తీర్చడం నుంచి పుట్టిన మాట తీర్పు. అది రచ్చబండ మీది మాట. తెలంగాణ పల్లెల్లో చాలాకాలం గడీలో దొర చెప్పిందే తీర్పు. క్రైస్తవులు నమ్మే లోకాంత విచారణకు తెలుగు బైబిలు వాడిన మాట కూడా ఇదే. ఇది అనువాదానికి సంబంధించిన చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని ఆ నమ్మకం మన పల్లెల్లో ఎవరి గుండెల్లో నాటుకుందో తెలుసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆ నమ్మకం ప్రకారం లోకాంతాన క్రీస్తు తిరిగి వస్తాడు. చనిపోయినవాళ్లు లేస్తారు. గ్రంథాలు విప్పి ఎవరి క్రియల లెక్క వారికి చూస్తారు. మత్తయి సువార్తలో ఆ విచారణకు కొలబద్ద ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, బట్టలేనివాడికి బట్ట ఇచ్చావా అన్నదే. రచ్చబండ దగ్గర కూర్చునే హక్కు లేనివాడు, షావుకారు పద్దులో తన పేరిట ఏం రాశారో చదవలేనివాడు ఈ మాటలు విన్నాడు. దొరా పట్వారీ కూడా చేతులు కట్టుకుని నిలబడే కచేరీ ఒకటి ఉందని అతనికి మొదటిసారి తెలిసింది. ఆ పద్దును దిద్దే చెయ్యి షావుకారుది కాదు.

దీని వెనుక ఉన్న భౌతిక పరిస్థితులను విస్మరించకూడదు. 1876-78 కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని కూలీలకు పని చూపించాడు. తిండి కోసం మతంలోకి వస్తారన్న సందేహంతో ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయపు పనులు ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో ఆ సంఖ్య 3,536 అయింది. వారిలో అత్యధికులు మాదిగలు. అన్నం కోసమే వచ్చారనడం తేలిక. కాని పని ముగిశాక వచ్చినవారిని ఆ ఒక్క మాట వివరించలేదు.

యుగాంతం వారికి కొత్త కథ కూడా కాదు. వీరబ్రహ్మం కాలజ్ఞానం వీరభోగ వసంతరాయల రాకను ముందే చెప్పింది. ఆయన శిష్యుడు కక్కయ్య మాదిగవాడే. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య అంతకుముందు యోగమార్గంలో సాధన చేసినవాడు. విత్తనం బయటిదైనా నేల ఇక్కడిదే.

మన వరంగల్లు వైపు కూడా ఈ చరిత్ర ఉంది. నిజాం రాజ్యంలోని డోర్నకల్లు కేంద్రంగా 1912లో అజరయ్య మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అయ్యాడు. ఆయన సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాల మాదిగలే. వెట్టి రాజ్యమేలిన కాలం అది.

అయితే ఇదే నమ్మకానికి మరో ముఖం ఉంది. తీర్పు చివరి దినానికి వాయిదా పడితే ఈనాటి వెట్టిని ఓర్చుకోవడమే భక్తి అవుతుంది. 1938లో మొదలైన బైబిలు మిషను వంటివి రెండవ రాకడకు సిద్ధపడడాన్నే ప్రధానం చేశాయి. మరోవైపు జర్మనీలో తామస్ ముంజర్ లోకాంతం దగ్గరపడిందని బోధిస్తూనే రైతుల పక్షాన నిలిచి 1525లో ప్రాణాలిచ్చాడు. అతని గురించి ఏంగెల్స్ 1850లోనే రాశాడు. ప్రకటన గ్రంథంలో రోమ్ సామ్రాజ్యంపై పీడితుల ఆగ్రహాన్ని కూడా ఆయన గుర్తించాడు. కాబట్టి నమ్మకం ఒకటే అయినా, తీర్పును ఎప్పటికి, ఎక్కడికి జరుపుతున్నారన్న దాన్నిబట్టి దాని వర్గ స్వభావం మారుతుంది.

జాషువా ఈ ప్రశ్నకు కవిగా సమాధానం చెప్పాడు. క్రైస్తవ కుటుంబంలో పెరిగినవాడు, క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందినవాడు. అయినా 1941 నాటి గబ్బిలంలో అతని నాయకుడు లోకాంతం కోసం ఎదురుచూడడు. తన ఫిర్యాదును గబ్బిలం చేత ఇప్పుడే కాశీ విశ్వనాథుడికి పంపుతాడు.

మన అభ్యుదయ విమర్శ పాలేల ప్రార్థనలను మత్తుమందు అన్న ఒక్క మాటతో తోసిపుచ్చింది. 1844లో మార్క్స్ ఆ మాట రాసినచోటే మతంలో పీడితుల బాధను కూడా చూశాడని మరిచిపోయాం. ఆ పాటలూ ప్రసంగాలూ చాలావరకు నోటి మీదే ఉన్నాయి, పాడేవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. మన సాహిత్య విద్యార్థులు వాటిని వినాలి, రాసిపెట్టాలి. న్యాయం కోరిన గొంతు ఎక్కడుందో, ఓర్చుకోమన్న గొంతు ఎక్కడ మొదలైందో అప్పుడే విడదీసి చెప్పగలుగుతారు.