పిప్పిపన్ను: కర్నూలు, కడప సీమలో

నోట్లోని సూక్ష్మజీవులు తీపినీ పిండినీ పులియబెడితే ఆమ్లం పుడుతుంది. అది పంటి పైపొరను కరిగించి గుంట చేయడమే పన్ను పుచ్చడం. ఈ సంగతిని 1890లో అమెరికా దంతవైద్యుడు విల్లోబీ మిల్లర్ వివరించాడు. పూర్వం పురుగే పంటిని తొలుస్తుందని చాలాచోట్ల అనుకునేవాళ్లు. ఆయుర్వేదంలో సుశ్రుతుడు పెట్టిన పేరు కూడా ‘కృమిదంతకం’. సీమ పల్లెల్లో వేపపుల్ల కొస నమిలి కుంచెలా చేసి తోముకునేవాళ్లు. పోటు లేస్తే లవంగనూనెలో తడిపిన దూది గుంటలో పెట్టేవాళ్లు, తాళలేకపోతే పన్ను పీకించుకునేవాళ్లు. లవంగనూనె పోటును తగ్గిస్తుంది, పుచ్చు మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది.

ఈ మెట్టనేలలో పుచ్చును గుర్తుపట్టడానికి ఒక అడ్డం ఉంది: గారపండ్లు, అంటే నీటిలో ఫ్లోరైడు ఎక్కువై మచ్చలు పడిన పండ్లు. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లాలో నీటి ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బును వెల్లడించారు. ఆ జబ్బు సీమకు దూరమేమీ కాదు: ఆ జిల్లాలోని పొదిలి ప్రాంతాన్ని ఆనుకున్న మార్కాపురం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోనిదే. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు.

ఫ్లోరైడు మచ్చ పన్ను దవడలో తయారయ్యే రోజుల్లోనే, ఎక్కువగా ఎనిమిదేళ్లలోపు పడుతుంది. కుడివైపు ఉన్నట్టే ఎడమవైపూ కనిపిస్తుంది. పుచ్చు అలా కాదు. నమిలే పంటి గాడిలోనో, రెండు పండ్ల సందులోనో, చిగురు అంచునో ఒకచోట సుద్దలాంటి తెల్లమచ్చగా మొదలవుతుంది. అప్పుడే పట్టుకుంటే ఫ్లోరైడు పూతతో వెనక్కి మళ్లించవచ్చు. మచ్చ ముదిరి గుంటలు పడిన గారపన్ను కూడా పుచ్చుతుంది. గారపండ్ల ఆడపిల్లను పెండ్లిచూపుల్లో ‘పండ్లు తోముకోదు’ అని చిన్నబుచ్చడం ఘోరమైన అన్యాయం. ఆ మచ్చ ఆమె తాగిన నీళ్లది.

పసిబిడ్డకు పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చితే పై ముందుపండ్లు మొదట పోతాయి. ఆరేళ్లకు పాలపండ్ల వెనక, ఏదీ ఊడకుండానే కొత్త దవడపన్ను మొలుస్తుంది. అదీ పాలపన్నే, ఎలాగూ ఊడిపోతుందని ఇంట్లోవాళ్లు వదిలేస్తారు. కానీ అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని గాడుల్ని మూసే పూత కొద్ది నిమిషాల పని. పెద్దపండ్లలో గుంట పడితే సిమెంటు నింపుతారు. నరందాకా పోతే రూట్‌ కెనాల్. ముసలితనంలో చిగురు జారి వేరు బయటపడుతుంది, చక్కెర జబ్బుతోనో మాత్రలతోనో ఉమ్ము ఎండుతుంది. పుచ్చు అక్కడ వేరును పట్టుకుంటుంది.

2013లో మొదలైన జాతీయ బాలల ఆరోగ్య పథకం బడిపిల్లల పండ్లనూ చూస్తోంది. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల, కర్నూలులో జి.పుల్లారెడ్డి దంత వైద్య కళాశాల ఉన్నాయి. చాలామంది అక్కడికి చేరేది మాత్రం దవడ వాచి, రెండు రాత్రులు నిద్ర లేకుండా గడిపాకే.