వెనక్కి వాలేముందు

సింహం నాలుగడుగులు నడిచి, ఆగి, వెనక్కి చూస్తుందట. సింహావలోకనమన్న మాట అలా పుట్టింది. విమానంలో సీటు వెనక్కి వాల్చేవాడికి కావలసిన మర్యాదా అంతే. మా ఊరు మందసకు విమానం నెత్తిమీంచి పోయే చప్పుడే తెలుసు. అయినా పొట్ట చేతపట్టుకుని గల్ఫ్‌కు పోయే మా ఉద్దానం ప్రాంతంవాడు ఈ మర్యాదను రైలుపెట్టెలోనే సగం నేర్చుకుని విమానం ఎక్కుతాడని నా నమ్మకం.

మా తీరాన రైలుపట్టాలు పడింది 1893–96 మధ్య. మూడో తరగతిలో వాలడమన్న ఊసే లేదు. చెక్కబల్ల, నిటారు వీపు. ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు 1909లో రాసిన ఫిర్యాదు పుణ్యాన కింది తరగతులకు మరుగుదొడ్లు వచ్చాయంటారు. ఆ తరగతి ఇక్కట్ల మీద 1917లో గాంధీ ఏకంగా వ్యాసమే రాశారు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన రెండున్నర అడుగుల బుల్లిరైల్లో వాలడం సంగతి దేవుడెరుగు, చోటు దొరికితే చాలు. మూడో తరగతి 1974లో పోయింది. 1977–79లో మధు దండవతే రైల్వే మంత్రిగా ఉండగా చెక్కబల్లల మీదికి మెత్తటి పరుపు వచ్చింది.

రైల్లో అసలు తగవు మధ్య బెర్తుది. అది వేస్తే కిందివాడు తలెత్తి కూర్చోలేడు, దించితే దాని సొంతదారుకు పడక లేదు. రైల్వే ఈ తగవును మనుషుల మంచితనానికి వదలకుండా గడియారానికి అప్పజెప్పింది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా నిద్రవేళ అన్నారు. 2017లో ఆ 9ని 10 చేశారు. జబ్బుపడ్డవారికీ, గర్భిణులకూ, వికలాంగులకూ పట్టువిడుపులు చూపమన్నారు. మా వైపు జబ్బన్న మాటకు బరువెక్కువ. కిడ్నీ జబ్బుతో విశాఖ ఆసుపత్రికి పోయే మనిషి పలాసలో ఎక్కితే టైమెవరు చూస్తారు? ‘పడుకో బావూ’ అని జరుగుతారు.

విమానానికి అలాంటి గడియారం లేదు. భోజనాలప్పుడు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు సీటు నిటారుగా పెట్టమంటారు, అంతే. 1958లో ఎకానమీ తరగతి పుట్టినప్పుడు వరుసకూ వరుసకూ 34 అంగుళాల ఎడం. ఇప్పుడు చౌక విమానాల్లో 28 నుంచి 30. ఆ కాస్త జాగానే ముందువాడికి సీటు వాల్చే బొత్తాంగా, వెనకవాడికి మోకాళ్ల చోటుగా రెండుసార్లు అమ్మారు. కొట్టుకునేది మాత్రం కొన్నవాళ్లు. 2014లో అమెరికాలో ఒకాయన ముందు సీటు వాలకుండా ప్లాస్టిక్ బిళ్లలు బిగిస్తే, ఆ సీటులోని ఆవిడ ఆయన మీద నీళ్లు పోసింది. దాంతో నెవార్క్ నుంచి డెన్వర్ పోయే ఆ విమానం షికాగోలో దిగింది. 2019లో డెల్టా కొన్ని విమానాల్లో వాలును 4 అంగుళాల నుంచి 2కు తగ్గించింది. కొన్ని కంపెనీలైతే బొత్తామే పీకేశాయి.

మనవాళ్లది ఎదురుదారి. వందేభారత్ సీట్ల వాలు 17.31 డిగ్రీల నుంచి 19.37కు పెంచుతున్నామని 2023లో రైల్వే ప్రకటించింది. విశాఖ–భువనేశ్వర్ వందేభారత్ 2024 మార్చి నుంచి పలాసలో ఆగుతోంది. మా మందస రోడ్డు స్టేషనులో ఆగదు. మాకు రాత్రి బస్సు పుష్‌బ్యాకే గతి.

ఆ బస్సులోనే ఒకసారి వెనక్కి చూడకుండా వాల్చేశాను. నా వెనక చివరి వరుస, వాలనిది. అక్కడున్న పెద్దాయన ఒక్క మాట అనలేదు. కాళ్ల మధ్య పెట్టుకున్న జీడిపప్పు సంచీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తెల్లారి హైదరాబాదులో దిగుతూ చూశాను, అది ఇంకా ఒళ్లోనే ఉంది.